కారు వెనక కారవాన్ ఊగకుండా ఉండాలంటే: బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఇల్లూ ఉద్యోగమూ కాస్త కుదుటపడ్డాక మనవాళ్ళలో కొందరికి కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) మీదికి మనసు పోతుంది. సెలవుల్లో హోటళ్ళ రేట్లు, పిల్లల గోల, బయటి తిండి పడని పెద్దవాళ్ళు... కారణాలు మీకు తెలిసినవే. కొన్న వారానికి ప్రశ్నలు మొదలవుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే భయం చుట్టూ తిరుగుతాయి: మోటర్‌వే మీద వెనకున్నది ఊగడం మొదలుపెడితే ఎలా?

ఇక్కడి జవాబులు బ్రిటన్ రూల్స్‌కీ, ఇక్కడి కారవాన్‌లకీ సరిపోయేవి. లెక్కలు వచ్చిన చోటల్లా ఒకే జంటను తీసుకున్నాను: 1,700 కిలోల కారు, సామానుతో కలిపి 1,400 కిలోల దాకా అనుమతి ఉన్న ఒంటి ఇరుసు కారవాన్. మీ బండి అంకెలు మీ బండి ప్లేటు మీద ఉంటాయి, అవి చూసుకోండి.

అసలు కారవాన్ ఎందుకు ఊగుతుంది?

కారవాన్ కారుకు ఒకే ఒక్క చోట, 50 మిల్లీమీటర్ల టోబాల్ (కారు వెనక ఉండే ఇనప గుండు) మీద తగులుకుని ఉంటుంది. ఆ గుండు చుట్టూ అది తిరగగలగాలి, లేకపోతే మలుపే తిరగదు. పక్కగాలి, దాటిపోయే లారీ, రోడ్డు మీద గతుకు, చటుక్కున తిప్పిన స్టీరింగ్, వీటిలో ఏదో ఒకటి దాని తోకను పక్కకు నెడుతుంది. టైర్లు దాన్ని మళ్ళీ దారిలోకి లాగుతాయి. కానీ అది సరిగ్గా మధ్యలో ఆగదు, కాస్త అవతలికి పోతుంది, మళ్ళీ ఇవతలికి వస్తుంది. మామూలుగా ఈ ఊపు రెండు మూడు సార్లకే చచ్చిపోతుంది. డ్రైవరుకు తెలియను కూడా తెలియదు.

వేగం పెరిగేకొద్దీ ఈ ఊపు చావడానికి ఎక్కువ సేపు పడుతుంది. ప్రతి కారు, కారవాన్ జంటకూ ఒక హద్దు వేగం ఉంటుంది. అది దాటాక ఊపు తగ్గే బదులు ప్రతిసారీ కొంత పెరుగుతుంది. ముందు కారవాన్ మాత్రమే ఊగుతుంది, తర్వాత కారు వెనక భాగాన్ని కూడా తనతో ఈడుస్తుంది. ఇక్కడివాళ్ళు దీన్ని స్నేకింగ్ అంటారు. అక్కడితో ఆగకపోతే రెండూ మడతపడటమో, కారవాన్ పక్కకు బోర్లా పడటమో జరుగుతుంది.

ఆ హద్దు వేగం మీరు నడిపే వేగానికి చాలా పైన ఉండేలా చూసుకోవడమే మన పని అంతా. అది ఇంటి ముందు బండి సర్దుతున్నప్పుడే చాలావరకు తేలిపోతుంది. రోడ్డెక్కాక మన చేతిలో ఉండేది యాక్సిలరేటర్ ఒక్కటే.

నోస్‌వెయిట్ అని అందరూ అంటారు. అదేమిటి, ఎంత ఉండాలి?

కారవాన్ ముక్కు టోబాల్ మీద కిందికి నొక్కే బరువు అది. ఊళ్ళో ఎడ్లబండికి వడ్ల బస్తాలు వేసేటప్పుడు చూసినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. వెనక మొగ్గు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు మొగ్గు ఎక్కువైతే ఎడ్ల మెడలు వంగిపోతాయి. బండివాడు ఒక బస్తా ముందుకో వెనక్కో జరిపి, కాడి కొంచెంగా మెడ మీద ఆనేలా చూసుకుంటాడు. కారవాన్‌కూ కావాల్సింది అదే, కొంచెం ముందు మొగ్గు.

ఆ కొంచెం ఎంతంటే, సామానుతో కలిపిన కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం. మన 1,400 కిలోల కారవాన్‌కు 70 నుంచి 98 కిలోలు. అయితే కారు టోబార్‌కు (టోబాల్‌ను మోసే కడ్డీకి) ఒక పరిమితి ఉంటుంది, కారవాన్ హిచ్‌కు (టోబాల్‌ను పట్టుకునే కొక్కేనికి) ఇంకొకటి. రెండిట్లో తక్కువదే మీకు వర్తిస్తుంది. కారు హ్యాండ్‌బుక్‌లో 75 కిలోలు అని ఉండి, హిచ్ మీద 100 అని ఉంటే మీ పరిమితి 75. అంటే మీరు 70కీ 75కీ మధ్య ఉండాలి. పెద్ద కారవాన్, తక్కువ పరిమితి ఉన్న కారు కలిస్తే ఆ సందు ఇంత ఇరుకైపోతుంది. కారు కొనేటప్పుడు ఎంత బరువు లాగగలదో అందరూ అడుగుతారు, ఈ అంకె మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఇదే.

నోస్‌వెయిట్ తక్కువైతే తోక బరువెక్కి ఊపు పెరుగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగ్ తేలికైపోతుంది. ఇంకో సంగతి: ఈ 75 కిలోలు కారు మోసే బరువులోకే వస్తాయి. డిక్కీ నిండా సామాను వేసుకుని, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే కారు వెనక ఇరుసు పరిమితి దాటిపోవచ్చు.

దాన్ని ఇంట్లో ఎలా తూచుకోవాలి?

నోస్‌వెయిట్ గేజ్ అని చిన్న పరికరం దొరుకుతుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. అది లేకపోతే బాత్రూమ్ స్కేలు, గట్టి కర్రముక్క చాలు. సమతలంగా ఉన్న చోట చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. హిచ్ కింద స్కేలు, దాని మీద కర్రముక్క నిలబెట్టి, జాకీ వీల్ (కారవాన్ ముక్కును నిలబెట్టే చిన్న చక్రం) మెల్లగా పైకి తిప్పితే బరువంతా కర్ర మీదికి దిగుతుంది. కారుకు తగిలించినప్పుడు హిచ్ ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తు వచ్చేలా కర్ర కోసుకోవాలి.

ప్రయాణానికి సర్దినట్టే సర్ది తూచాలి. ఖాళీ బండి తూచి 70 వచ్చిందని మురిసిపోయి, ఆ తర్వాత సామాను ఎక్కించేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ తూకానికి అర్థం లేదు.

సామాను ఎలా సర్దాలి? మా ఇంట్లో వంటసామానే ఒక లారీ అవుతుంది.

మనవాళ్ళ కారవాన్‌కీ ఇక్కడివాళ్ళ కారవాన్‌కీ తేడా ఇక్కడే వస్తుంది. 20 కిలోల బియ్యం బస్తా, వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు, ఆవకాయ జాడీ, ఇనప పెనం. ఒక్కొక్కటీ చిన్నదే, కలిస్తే 50 కిలోలు ఇట్టే దాటుతుంది.

బరువైనవన్నీ ఇరుసుకు దగ్గరగా, నేల మీద పెట్టండి. కొంచెం బరువైనవి ఇరుసుకు అటూ ఇటూ కింది అరల్లో. పై అరల్లో దుప్పట్లు, బట్టలు, చిప్స్ ప్యాకెట్లు తప్ప ఏమీ వద్దు. బరువు పైకి పోతే బండి పక్కలకు ఒరుగుతుంది. కుడి ఎడమల బరువు కూడా ఇంచుమించు సమానంగా ఉండాలి.

కొసలకు బరువు ఎందుకు వద్దంటే, ఊగేదాన్ని ఆపడం ఎంత కష్టమో ఆ బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నది తేలుస్తుంది, అది కూడా దూరపు వర్గంలో పెరుగుతుంది. అదే బియ్యం బస్తా ఇరుసుకు అర మీటరు దూరంలో ఉన్నప్పటికంటే 3 మీటర్ల దూరంలో, వెనక కొసన ఉంటే ఊపు విషయంలో 36 రెట్లు బరువైనదిగా ప్రవర్తిస్తుంది. అందుకే వెనక గోడకు సైకిళ్ళ స్టాండు తగిలించడం నాకు అస్సలు నచ్చదు. నాలుగు సైకిళ్ళు అక్కడ వేలాడుతుంటే ఒక పక్క నోస్‌వెయిట్ తగ్గుతుంది, ఇంకో పక్క ఊపు బలపడుతుంది. సైకిళ్ళను కారు పైన పెట్టండి, లేదా ఇంట్లో వదిలేయండి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. వెనక బరువు పెట్టి, నోస్‌వెయిట్ తగ్గిందని ముందు లాకర్లో ఇంకో బరువు పెట్టి సరిచేయడం. స్కేలు మీద 70 కిలోలు కచ్చితంగా వస్తుంది. కానీ రెండు కొసలా బరువు వేలాడుతున్న ఆ బండి ఒకసారి ఊగడం మొదలుపెడితే త్వరగా ఆగదు. నోస్‌వెయిట్ సరిచేయాలంటే మధ్యలో ఉన్న సామానునే కాస్త ముందుకో వెనక్కో జరపండి. హిచ్ నుంచి ఇరుసుకు 4 మీటర్లు ఉందనుకుంటే, 10 కిలోల వస్తువును ఇరుసుకు 2 మీటర్లు ముందు పెడితే నోస్‌వెయిట్ 5 కిలోలు పెరుగుతుంది, 2 మీటర్లు వెనక పెడితే 5 కిలోలు తగ్గుతుంది. ఈ చిన్న లెక్క గుర్తుంటే సర్దడం సులువు.

అవనింగ్ గుడారం, దాని ఇనప కర్రలు చాలా బరువు. వాటిని ఇరుసు మీద నేలన పడుకోబెట్టండి. గ్యాస్ సిలిండర్లు మామూలుగా ముందు లాకర్లోనే ఉంటాయి కాబట్టి అవి ముందే నోస్‌వెయిట్‌లో ఉన్నట్టు లెక్క. మురుగునీళ్ళ డ్రమ్ము, నీళ్ళ డ్రమ్ము ఖాళీ చేసి బయల్దేరండి. నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి, పైగా సగం నిండిన డ్రమ్ములో నీళ్ళు అటూ ఇటూ కదులుతాయి కూడా.

బియ్యం సంగతి: వెళ్ళే ఊళ్ళో కొనుక్కోవచ్చు. గ్రైండర్ సంగతి: పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుని వెళ్ళండి.

పేలోడ్ అంటే ఎంత? మా బండి దాటలేదని ఎలా తెలుస్తుంది?

తలుపు పక్కన ప్లేటు మీద ఎంటీపీఎల్‌ఎం అని ఉంటుంది, సామానుతో కలిపి బండి దాటకూడని బరువు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి బరువు మిరో. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది మీ పేలోడ్. మన కారవాన్ మిరో 1,240 అనుకుంటే మిగిలేది 160 కిలోలు. బ్యాటరీ, మోటర్ మూవర్ (కారు లేకుండా బండిని జరిపే మోటరు), అవనింగ్ లాంటివి తర్వాత చేర్చినవైతే అందులోంచే పోతాయి. ఆ మూడింటికే సగం ఖర్చయిపోతుంది.

అనుమానం ఉంటే సర్దిన బండిని కాటాకు తీసుకెళ్ళి తూయించండి. పబ్లిక్ వేబ్రిడ్జ్‌లు ఎక్కడున్నాయో కౌన్సిల్ వాళ్ళ దగ్గర తెలుస్తుంది. రోడ్డు మీద తనిఖీలో ఎక్కువ బరువు తేలితే జరిమానా పడుతుంది, ప్రయాణం కూడా అక్కడే ఆగిపోవచ్చు.

85 శాతం రూల్ చట్టమా?

కాదు. కారవాన్ క్లబ్బులు, తయారీదారులు కొత్తవాళ్ళకు ఇచ్చే సలహా. కారవాన్ ఎంటీపీఎల్‌ఎం కారు కెర్బ్‌వెయిట్‌లో (ప్రయాణికులూ సామానూ లేని కారు బరువులో) 85 శాతం లోపు ఉండాలన్నది దాని సారం. మన జంటకు 1,700లో 85 శాతం అంటే 1,445. కారవాన్ 1,400, అంటే 82 శాతం చిల్లర. బాగుంది. అనుభవం ఉన్నవాళ్ళు 100 శాతం దాకా వెళ్ళవచ్చంటారు, అంతకు మించి వద్దంటారు.

చట్టం చూసేది వేరే అంకెలు: కారు లాగగలదని తయారీదారు చెప్పిన బరువు, రెండూ కలిపిన గ్రాస్ ట్రెయిన్ వెయిట్. కారు 2,000 కిలోలు లాగుతుందని బ్రోషర్లో ఉంటే, అది ఎత్తు మీద బండిని కదిలించగలదని అర్థం చేసుకోండి. 2,000 కిలోలు వెనక ఊగుతుంటే 1,700 కిలోల కారు దాన్ని అదుపులో పెట్టగలదని కాదు. ఇంజను శక్తికీ నిలకడకూ సంబంధం లేదు. బరువైన కారు, పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), వెనక ఇరుసుకు దగ్గరగా ఉన్న టోబాల్, ఇవి నిలకడనిస్తాయి.

స్టెబిలైజర్ హిచ్ ఉంది కదా, ఇంకా ఇన్ని జాగ్రత్తలెందుకు?

ఇప్పటి కారవాన్‌లలో చాలావాటికి ఆల్-కో ఏకేఎస్ 3004 లాంటి స్టెబిలైజర్ హిచ్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. పెద్ద హ్యాండిల్ కిందికి నొక్కగానే లోపలి రాపిడి ప్యాడ్లు టోబాల్‌ను గట్టిగా పట్టుకుంటాయి. కారవాన్ అటూ ఇటూ తిరగడానికి ఆ రాపిడిని దాటాలి కాబట్టి చిన్న చిన్న ఊపులు అక్కడే ఆగిపోతాయి. లారీ దాటినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. మంచి పరికరం, ఉంటే వాడాల్సిందే.

కానీ రాపిడికి ఒక హద్దుంది. అది ఇచ్చే పట్టు ఊపు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఊపు పెరిగేకొద్దీ దాంట్లో ఉండే శక్తి ఇంకా వేగంగా పెరుగుతుంది, రాపిడి వెనకబడిపోతుంది. తప్పుగా సర్దిన బండికి స్టెబిలైజర్ బిగిస్తే ఆ తప్పు 50 మైళ్ళ దగ్గర కనపడకుండా దాక్కుంటుంది. ఏ వాలులోనో, ఏ గాలిలోనో ఒక్కసారిగా బయటపడుతుంది. హ్యాండిల్ పైకి లేపి, అంటే ఆ పట్టు లేకుండా కూడా, మామూలు వేగంలో నిలకడగా నడిచే బండికి మాత్రమే స్టెబిలైజర్ అదనపు రక్ష అవుతుంది.

టోబాల్ శుభ్రంగా ఉండాలన్నది మరో సంగతి. మామూలు హిచ్‌కు గ్రీజు రాస్తారు. స్టెబిలైజర్ హిచ్‌కు గ్రీజు చుక్క కూడా తగలకూడదు, పెయింట్ కూడా ఉండకూడదు. కొత్త టోబాల్‌కు పెయింట్ ఉంటే గరుకు కాగితంతో గీకేయండి. మలుపుల్లో కిర్రుకిర్రు మంటే ప్యాడ్లకో గుండుకో మురికి పట్టిందని అనుమానించాలి. ప్యాడ్లు అరిగాయో లేదో చూపే గుర్తు హిచ్ మీదే ఉంటుంది. ఈ హిచ్‌లకు మెడ పొడుగున్న టోబాల్ కావాలి. పాత టోబార్ అయితే సరిపోతుందో లేదో చూసుకోండి.

మా బండికి ఏటీసీ ఉంది. కారులో కూడా ట్రెయిలర్ స్టెబిలిటీ ఉందట. రెండూ ఒకటేనా?

పని ఒకటే, చేసే తీరు వేరు. ఆల్-కో ఏటీసీ కారవాన్ ఇరుసు దగ్గర ఉంటుంది. పక్కకు ఊపు మితిమీరిందని పసిగట్టగానే కారవాన్ బ్రేకులే వేస్తుంది. వెనకనుంచి పట్టి లాగినట్టై రెండు బండ్లూ తిన్నగా సాగుతాయి. బీపీడబ్ల్యూ ఇరుసులున్న బండ్లకు ఐడీసీ అని ఇలాంటిదే ఉంది. కారులోని ట్రెయిలర్ స్టెబిలిటీ ఈఎస్‌పీలో (కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థలో) భాగం. అది ఇంజను శక్తి తగ్గించి, కారు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి ఊపును చంపుతుంది.

రెండూ ఉంటే మంచిదే. కారు సదుపాయం పనిచేయాలంటే వెనక బండి ఉందని కారుకు తెలియాలి. ఆ కారు మోడల్‌కే చేసిన వైరింగ్ వేయిస్తే తెలుస్తుంది. చవకగా ఏదో ఒక వైరింగ్ వేయించుకుంటే లైట్లు వెలుగుతాయి, ఇది మాత్రం నిద్రపోతుంది. ఏటీసీకి కరెంటు 13 పిన్నుల ప్లగ్గు నుంచి వస్తుంది. బయల్దేరేముందు దాని పచ్చ లైటు చూసుకోవాలి.

రోడ్డు మీద ఏటీసీ పనిచేసినట్టు తెలిస్తే సంతోషించి ముందుకు పోకండి. అది పనిచేయాల్సి వచ్చిందంటే మీ సర్దుడులోనో వేగంలోనో ఏదో తేడా ఉంది. దగ్గర్లోని సర్వీసెస్‌లో ఆగి చూసుకోండి.

టైర్లకూ ఊపుకూ ఏం సంబంధం?

చాలా ఉంది. ఊగిన బండిని తిరిగి దారిలోకి లాగేది టైర్ల పక్కగోడలే. గాలి తక్కువైతే అవి మెత్తబడి, ఆలస్యంగా స్పందిస్తాయి. కారవాన్ టైర్లకు తయారీదారు చెప్పిన గాలి ఉండాలి, అది కారు టైర్ల కంటే చాలా ఎక్కువే ఉంటుంది. కారు వెనక టైర్లకు కూడా హ్యాండ్‌బుక్‌లో పూర్తి బరువుకు చెప్పిన గాలి పట్టించండి. దీన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

కారవాన్ టైర్లు అరగవు, ముసలివవుతాయి. ఏడాదిలో పదకొండు నెలలు ఒకే చోట ఎండకూ వానకూ నిలబడి లోపల పగుళ్ళు పడతాయి. పైన గాళ్ళు కొత్తవాటిలా కనిపిస్తాయి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. 5 ఏళ్ళు దాటితే మార్చే ఆలోచన చేయండి, 7 దాటితే ఆలోచన కూడా వద్దు, మార్చేయండి. చక్రం తీసి బిగించినప్పుడు కొన్ని మైళ్ళు నడిపాక నట్లు టార్క్ రెంచితో మళ్ళీ చూడాలి.

ఎంత వేగంలో వెళ్ళాలి?

కారవాన్‌తో ఉన్న కారుకు సింగిల్ క్యారేజ్‌వే మీద గంటకు 50 మైళ్ళు, డ్యూయల్ క్యారేజ్‌వే, మోటర్‌వేల మీద 60 మైళ్ళు పరిమితి. మూడు అంతకంటే ఎక్కువ లేన్లున్న మోటర్‌వేలో కుడికొస లేన్‌లోకి వెళ్ళకూడదు.

60 చట్టం ఇచ్చిన పైహద్దు మాత్రమే. పెద్ద లారీలకు స్పీడ్ లిమిటర్లు 56 మైళ్ళ దగ్గర పెట్టి ఉంటాయి. మీరు 60లో వెళ్తే ఒక్కో లారీని దాటడానికి చాలాసేపు దాని పక్కనే గాలి దెబ్బలు తింటూ ఉండాలి. 55 దగ్గర లారీల మధ్య, తగినంత దూరం ఉంచి సాగితే ఆ బాధ ఉండదు. 200 మైళ్ళ ప్రయాణంలో తేడా 20 నిమిషాల లోపే. ఆ 20 నిమిషాలు సర్వీసెస్‌లో కాఫీ క్యూలోనే పోతాయి.

లారీ, కోచ్ దాటినప్పుడు ఏం చేయాలి? గాలి రోజుల్లో?

పెద్ద బండి మిమ్మల్ని దాటేటప్పుడు ముందు దాని గాలి మీ కారవాన్‌ను అవతలికి తోస్తుంది, తర్వాత పక్కకు వచ్చాక తనవైపు లాక్కుంటుంది. అద్దంలో వస్తున్నది కనపడగానే లేన్‌లో ఎడమవైపుకు కొద్దిగా జరిగి ఉండండి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేయండి, స్టీరింగ్ గట్టిగా కాకుండా నిలకడగా పట్టుకోండి. ఊగిన ప్రతిసారీ దానికి ఎదురు తిప్పకండి. మీ చేతులు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం, ఆ తిప్పుడే తర్వాతి ఊపుకు ఊతం అవుతుంది.

ఇదంతా చేయాలంటే వెనక కనపడాలి. కారవాన్ కారుకంటే వెడల్పు కాబట్టి పొడుగు అద్దాలు తగిలించుకోవాలి. అవి లేకుండా పట్టుబడితే 1,000 పౌండ్ల దాకా జరిమానా, 3 పెనాల్టీ పాయింట్లు.

గాలి విషయంలో సగటు వేగం కంటే ఉండుండి వచ్చే ఈదర దెబ్బలు ప్రమాదం. కొండల మధ్య సందులు, కటింగ్ దాటి వంతెన మీదికి వచ్చే చోట్లు, చెట్ల వరుస హఠాత్తుగా ఆగిపోయే చోట్లు గమనించండి. వేల్స్‌కు పోయే ఎం48 మీది పాత సెవర్న్ బ్రిడ్జిని గాలి ఎక్కువైతే మూసేస్తారు. ఎం4 మీది ప్రిన్స్ ఆఫ్ వేల్స్ బ్రిడ్జికి గాలిని ఆపే తెరలున్నాయి, కారవాన్‌తో నేనైతే ఆ దారే ఎంచుకుంటాను. వాతావరణ శాఖ గాలికి పసుపు హెచ్చరిక ఇచ్చిన రోజున సైటు వాళ్ళకు ఫోన్ చేసి ఒకరోజు ఆలస్యంగా వస్తామని చెప్పండి. చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఊగడం మొదలైపోయింది. ఇప్పుడు?

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. బ్రేకు గట్టిగా తొక్కకండి. వేగం దానంతట అది పడిపోనివ్వండి. వేగం పడగానే ఊపు కూడా పడిపోతుంది.

బ్రేకు ఎందుకు వద్దంటే, ఇక్కడి కారవాన్‌లవి ఓవర్‌రన్ బ్రేకులు. కారు నెమ్మదించినప్పుడు కారవాన్ ముందుకు వచ్చి హిచ్‌ను నొక్కుతుంది, ఆ నొక్కుడుతోనే దాని బ్రేకులు పడతాయి. అది వంకరగా ఉన్న క్షణంలో మీరు బ్రేకు తొక్కితే ఆ తోపు కారు వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. రెండూ మడతపడేది అప్పుడే.

"గ్యాస్ తొక్కు, లాగితే తిన్నగా అవుతుంది" అని ఇంకో సలహా తిరుగుతూ ఉంటుంది. ఊపుకు తిండి పెట్టేది వేగమే. ఒక క్షణం తిన్నగా అయినట్టు అనిపించి, ఇంకా ఎక్కువ వేగంలో, ఇంకా పెద్దగా ఊగుతుంది. ముఖ్యంగా దిగుడులో ఆ సలహా పాటిస్తే బయటపడే దారే ఉండదు.

ఆగాక ఏం చూడాలంటే: టైర్లు, నోస్‌వెయిట్, లోపల జారిపోయిన సామాను, హిచ్ హ్యాండిల్. కారణం దొరక్కపోతే 50 దాటకుండా ఇంటికి రండి.

దిగుడులో ఎక్కువ ఊగుతుందంటారు, నిజమా?

నిజం. ఎత్తు ఎక్కేటప్పుడు కారు కారవాన్‌ను లాగుతూ బిగించి ఉంచుతుంది. దిగేటప్పుడు కారవానే కారును తోస్తుంది, వేగం కూడా తెలియకుండా పెరుగుతుంది. దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి చిన్న గేరులోకి రండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్ వాడండి. బ్రేకు వాడాల్సి వస్తే బండి తిన్నగా ఉన్నప్పుడు, మెత్తగా వేయండి.

కొన్ని కొండలకు ఈ జాగ్రత్తలు కూడా చాలవు. నార్త్ యార్క్‌షర్‌లో ఏ170 మీద సటన్ బ్యాంక్ 25 శాతం వాలు, అక్కడ కారవాన్‌లకు ప్రవేశమే లేదు. ఫోన్‌లో నావిగేషన్‌కు ఆ సంగతి తెలియదు, బోర్డులు మీరే చదవాలి.

డల్లాస్‌లో ఉన్న మా బావ 15 శాతం బరువు ముందు వేయాలంటున్నాడు, మెల్‌బోర్న్ చెల్లెలు 10 అంటోంది. ఎవరిది నమ్మాలి?

ఇద్దరూ తమ తమ దేశానికి సరిగ్గానే చెబుతున్నారు. అమెరికాలో ముక్కు బరువు 10 నుంచి 15 శాతం, ఆస్ట్రేలియాలో 10 శాతం దగ్గర మామూలు. అక్కడ లాగేవి పెద్ద పికప్‌లు, ఎస్‌యూవీలు. ముందు పడే బరువును ఇరుసుల మధ్య పంచే ప్రత్యేక హిచ్‌లు వాడతారు. ఇక్కడి టోబార్ మీద 1,400 కిలోల కారవాన్‌కు 15 శాతం అంటే 210 కిలోలు. టోబార్ తయారీదారు రాసిన పరిమితికి దాదాపు మూడింతలు.

ఇంకో తేడా: వాళ్ళ ట్రెయిలర్లకు కరెంటు బ్రేకులుంటాయి, కారులో ఒక మీట నొక్కి వెనక బండికి మాత్రమే బ్రేకు వేయవచ్చు. ఊగినప్పుడు వాళ్ళు చేసేది అదే, మంచి పద్ధతి కూడా. మన ఓవర్‌రన్ బ్రేకులకు ఆ మీట లేదు. వీడియోలు చూసేటప్పుడు ముందు స్టీరింగ్ ఏ పక్కనుందో, బండి ఏ దేశానిదో చూడండి.

ఎలక్ట్రిక్ కారుతో లాగవచ్చా?

కారుకు టోయింగ్ అనుమతి ఉంటేనే. చాలా ఎలక్ట్రిక్ కార్లకు లేదు, లేదా సైకిళ్ళ స్టాండు వరకే ఉంటుంది. టెస్లా మోడల్ వై లాంటివాటికి 1,600 కిలోల దాకా ఉంది. బ్యాటరీ వల్ల కారు బరువు, అది కింద ఉండటం, రెండూ నిలకడకు మేలు చేస్తాయి. రేంజ్ మాత్రం సగానికి దగ్గర పడిపోతుందని అనుకునే ప్రయాణం వేసుకోండి. చాలా ఛార్జింగ్ పాయింట్ల దగ్గర కారవాన్ విప్పి పక్కన పెట్టాల్సి వస్తుంది. విప్పి మళ్ళీ తగిలించిన ప్రతిసారీ హిచ్ పచ్చ గుర్తు, బ్రేక్‌అవే కేబుల్ (బండి ఊడిపోతే దాని బ్రేకులు వేసే తీగ), ప్లగ్గు, జాకీ వీల్ మొదటినుంచీ చూసుకోవాలి. అలసిపోయి ఉన్నప్పుడే ఏదో ఒకటి మర్చిపోతాం.

నా లైసెన్సుతో లాగవచ్చా? పరీక్ష రాయాలా?

2021 డిసెంబర్ 16 నుంచి మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్ళు 3,500 కిలోల దాకా ట్రెయిలర్ లాగవచ్చు, వేరే టోయింగ్ పరీక్ష లేదు. ఇండియా లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవడం కుదరదు, ఇక్కడ పరీక్ష పాసవ్వాలి.

పరీక్ష అక్కర్లేదు కాబట్టి నేర్చుకోవడమూ అక్కర్లేదనుకోకండి. కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్, క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ రెండూ శిక్షణ తరగతులు పెడతాయి. ఇంట్లో నడిపే ఇద్దరూ వెళ్ళడం మంచిది. ఒకరే నేర్చుకుంటే ఆయనకు జ్వరం వచ్చిన రోజు బండి కార్న్‌వాల్‌లోనే ఉండిపోతుంది.

ప్రయాణంలో పిల్లలు కారవాన్‌లో పడుకోవచ్చా?

కుదరదు. చట్టవిరుద్ధం. పెద్దవాళ్ళకూ అంతే.

సెకండ్‌హ్యాండ్ కారవాన్ కొంటున్నాం. నిలకడ కోసం ఏమేం చూడాలి?

అమ్మేవాళ్ళు లోపల సోఫాలు, వంటగది చూపిస్తారు. మీరు కింద వంగి చూడండి. టైర్ల తేదీ, పక్కగోడల పగుళ్ళు, హిచ్ ప్యాడ్ల అరుగుదల, బ్రేకులు ఎప్పుడు సర్వీసు చేయించారో కాగితం. ప్లేటు మీది ఎంటీపీఎల్‌ఎం, మిరో రాసుకుని పేలోడ్ లెక్కేయండి. 100 కిలోలే మిగిలితే నలుగురున్న కుటుంబానికి అది సరిపోదు. వెనక గోడ వైపు పడకలో, వంటగదిలో తడి వాసన వస్తోందా చూడండి. నీరు పీల్చిన నేల బరువెక్కుతుంది, ఆ బరువు ఏ ప్లేటు మీదా ఉండదు. తర్వాత మీ కారు తీసుకెళ్ళి తగిలించి, దూరంగా నిలబడి పక్కనుంచి చూడండి. కారవాన్ నేల సమతలంగా ఉండాలి, లేదా ముక్కు కాస్త కిందికి. ముక్కు పైకి లేచి ఉంటే మీ టోబార్ ఎత్తు సరిపోలేదు. బరువు వేశాక టోబాల్ మధ్యభాగం నేలనుంచి 35 నుంచి 42 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. టేపు జేబులో వేసుకుని వెళ్ళండి.